దేశభక్తి

పుట్టిన దేశం మీద, అక్కడి జనం మీద ఉండే మమకారం. సంస్కృత సమాసం. చూపడం అనే అర్థమున్న ‘దిశ్’ ధాతువు నుంచి దేశం, పంచుకోవడం, సేవించడం అనే అర్థాలున్న ‘భజ్’ నుంచి భక్తి వచ్చాయి. పాత వాడుకలో దేశమంటే ఏదో ఒక ప్రాంతమే. ‘దేశాలు పట్టి పోయాడు’ అనడంలో ఆ ఛాయ ఇంకా ఉంది. భక్తి దేవుడి సొత్తు. జాతీయోద్యమ కాలంలో ఈ రెండూ కలిసి కొత్త బలం పుంజుకున్నాయి. గురజాడ అప్పారావు 1910లో రాసిన గేయం పేరు ‘దేశభక్తి’. గేయం లోపల ఆయన వాడిన మాట మాత్రం దేశాభిమానం. దాన్ని గొప్పలకు కాక పాడిపంటలకు, పొరుగువాడికి సాయపడటానికి ముడిపెట్టారాయన.

ఫిల్మ్‌నగర్ వాడుకలో ‘దేశభక్తి సినిమా’ ఒక సరుకు రకం. దీనికి పెద్ద గురుతు కృష్ణ నటించి, పద్మాలయా పతాకంపై తీసిన ‘అల్లూరి సీతారామరాజు’ (1974). అందులోని ఒక పాటకు శ్రీశ్రీ జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘ఖడ్గం’ (2002), ‘సైరా నరసింహారెడ్డి’ (2019) అదే కోవలోవి. ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) అల్లూరికీ కొమురం భీమ్‌కీ ఊహాజనిత స్నేహం కట్టింది. వీటిలో శత్రువు తెల్లదొరో ఉగ్రవాదో అయి తీరాలి. గురజాడ మెచ్చిన కష్టజీవి కథకు ఈ ముద్ర పడటం అరుదు.

తెర మీది కథల్లోనే కాదు, తెర ముందూ దేశభక్తి చర్చకు వచ్చింది. థియేటర్లలో సినిమాకు ముందు జాతీయగీతాన్ని సుప్రీంకోర్టు 2016 నవంబరు 30న తప్పనిసరి చేసి, 2018 జనవరి 9న ఐచ్ఛికంగా మార్చింది.