సొరచేపకు వల, కెరటానికి తాడు

సిడ్నీ తీరంలో ఒకప్పుడు పట్టపగలు సముద్రస్నానం చేస్తే నేరం. ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా జనం కంటపడేలా నీళ్లలో దిగకూడదని 1838 నాటి చట్టం. అక్కడి మ్యాన్లీలో చిన్న పత్రిక నడిపే విలియం గోచర్ 1902లో ఆ సంగతి తేల్చుకుందామని ముందే ప్రకటించి మరీ పగటిపూట దిగాడు. మరుసటి ఏడాదికల్లా మ్యాన్లీ పురపాలక సంఘం నిషేధం ఎత్తేసింది.

ఇక జనం తండోపతండాలుగా వచ్చారు. ఈత రాని వాళ్లు, కెరటం తీరు తెలియని వాళ్లే ఎక్కువ. మునిగిపోవడాలూ పెరిగాయి. 1907లో సిడ్నీలోనే బాండై తీరంలో ప్రాణరక్షక సంఘం ఏర్పడింది. దాని ఆయుధం చెక్క చట్రంలో బిగించిన చక్రం, దానికి చుట్టిన పొడవాటి తాడు. ఒకడు నడుముకు పట్టీ కట్టుకుని ఈదుకుంటూ వెళ్తాడు. మునిగేవాణ్ణి పట్టుకుని చెయ్యెత్తగానే ఒడ్డునున్న వాళ్లు చక్రం తిప్పి ఇద్దరినీ లాగుతారు.

అయితే ఊరిని భయపెట్టింది మాత్రం సొరచేపే. 1922లో కూజీ తీరంలో నెలరోజుల్లోపే ఇద్దరు యువకులు సొరచేపల దాడికి బలయ్యారు. 1929లో బాండైలోనూ మరణం సంభవించింది. చివరికి ప్రభుత్వం 1937లో సిడ్నీ తీరాల దగ్గర వలలు వేయించింది. అవి తీరానికి అడ్డంగా కట్టిన కంచె కాదు. ఇప్పుడు వాడేవి ఒక్కొక్కటీ 150 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు. సొరచేపలు పైనుంచీ పక్కలనుంచీ దాటిపోగలవు. తగులుకున్న వాటిని చంపి సంఖ్య తగ్గించడమే వల పని. తాబేళ్లు, డాల్ఫిన్లు కూడా అందులో చిక్కి చస్తుంటాయి.

వలలు పడి నాలుగైదు నెలలే అయింది. 1938 ఫిబ్రవరి 6, ఆదివారం. బాండై కిక్కిరిసి ఉంది. ఇసుక తిన్నె మీద నడుంలోతు నీళ్లలో వందలమంది నిలబడి ఉన్నారు. పెద్ద కెరటాలు వెంటవెంటనే విరుచుకుపడ్డాయి. ఒక కెరటం నీరు వెనక్కి పోకముందే ఇంకోటి వచ్చిపడటంతో పోగైన నీరంతా ఒక్కసారిగా తిరుగుముఖం పట్టి, రెండొందల మందికి పైగా జనాన్ని లోతుల్లోకి ఈడ్చుకుపోయింది. అదృష్టం కొద్దీ సంఘం వాళ్లు డెబ్బై మందికి పైగా అప్పుడు తీరంలోనే ఉన్నారు. ప్రాణభయంతో జనం తాళ్లకు వేలాడుతుంటే, వాళ్ల పట్టు విడిపిస్తూ ఒక్కొక్కరినీ ఒడ్డుకు చేర్చారు. అయిదుగురు చనిపోయారు. ఆ రోజుకు ‘బ్లాక్ సండే’ అని పేరు పడింది. ఆ మరణాలకు సొరచేప కారణం కాదు.

ఇప్పటికీ లెక్క అలాగే ఉంది. ఆస్ట్రేలియాలో రిప్ కరెంట్లకు ఏటా సగటున ఇరవై మందికి పైగా బలవుతుంటే, సొరచేపల వల్ల పోయేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రిప్ అంటే ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పారే పాయ. అక్కడ కెరటం పెద్దగా విరగదు, నురగ తక్కువ. అందుకే కొత్తవాళ్లు అదే భద్రమైన చోటనుకుని దిగుతారు. కాపలావాళ్లు రోజూ గాలి, అల ఎత్తు, ఆటుపోటు చూసి, పాయలు లేనిచోట ఎరుపు-పసుపు జెండాలు పాతుతారు. నీటి తీరు మారితే జెండాలనూ మారుస్తారు.