నాలుగు అంకెల హెచ్చరిక

మింగిన మాత్ర ముందు నీళ్లలో కరగాలి, ఆ తర్వాత పేగు గోడలోని కొవ్వు పొరలను దాటి రక్తంలో కలవాలి. ఈ రెండు గుణాలకూ పొత్తు కుదరదు. నీళ్లను మరీ ఇష్టపడే అణువు కొవ్వు పొర దగ్గరే ఆగిపోతుంది. కొవ్వును ఇష్టపడేదేమో అసలు కరగనే కరగదు.

పూర్వం కొత్త పదార్థాన్ని తొందరగానే జంతువులకు ఇచ్చి చూసేవారు కాబట్టి, ఒంటికి పట్టనిది అక్కడే బయటపడేది. 1990 ప్రాంతంలో పద్ధతి మారింది. వేల పదార్థాలను యంత్రాలతో నేరుగా ప్రోటీన్ల మీద పరీక్షించడం మొదలైంది. వాటిని కరిగించింది నీళ్లలో కాదు, దాదాపు దేన్నైనా కరిగించే డీఎంఎస్ఓ ద్రావకంలో. దాంతో పెద్ద పెద్ద, జిడ్డు అణువులు సులువుగా గట్టెక్కాయి. మాత్రగా ఇచ్చేసరికి చతికిలబడ్డాయి.

అమెరికాలోని గ్రోటన్‌లో, ఫైజర్ పరిశోధనశాలలో అప్పట్లో పనిచేసిన క్రిస్టఫర్ లిపిన్‌స్కీ ఈ చిక్కును పట్టుకున్నారు. కొత్త సిద్ధాంతం కోసం ఆయన వెతకలేదు. ‘వరల్డ్ డ్రగ్ ఇండెక్స్’ నుంచి అధికారికంగా పేరు పొందిన 2,245 పదార్థాలను ఏరారు. పేరు వచ్చిందంటే మనుషుల మీద రెండో దశ పరీక్షల దాకా వెళ్లి ఉంటుందని లెక్క. అంటే మనిషి పేగు చాలావరకు ఒప్పుకున్నవాటినే ఆయన సాక్ష్యానికి పిలిచారు. నా దృష్టిలో అసలు గొప్ప ఆలోచన ఇదే.

నాలుగు హద్దులు తేలాయి. అణుభారం 500. నీటికంటే కొవ్వు వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే లాగ్‌పీ 5. హైడ్రోజన్ బంధానికి హైడ్రోజన్‌ను అందించేవి 5. దాన్ని పుచ్చుకునే నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు 10. ఒక్కో హద్దునూ దాటినవి సుమారు పది శాతమే. రెండు హద్దులు దాటితే మందు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. 1997లో లాంబార్డో, డొమినీ, ఫీనీలతో కలిసి ఆయన దీన్ని ప్రచురించారు. అంకెలన్నీ ఐదుతో ముడిపడ్డాయి కాబట్టి ‘రూల్ ఆఫ్ ఫైవ్’ అన్నారు.

కాగితం మీద లెక్కేసి చూడండి. పారాసిటమాల్ అణుభారం 151, అందించేవి 2, పుచ్చుకునేవి 3. హాయిగా పేగు దాటుతుంది. స్ట్రెప్టోమైసిన్ అణుభారం 581. నైట్రోజన్, ఆక్సిజన్ కలిపి 19. అందించేవీ ఐదును ఎప్పుడో దాటేశాయి. క్షయ రోగులు ఆ మందును మాత్రగా మింగలేక సూదులు పొడిపించుకున్నది ఇందుకే.

ఫైజర్‌లో రసాయనవేత్త కొత్త అణువును నమోదు చేయగానే, హద్దులు దాటి ఉంటే కంప్యూటర్ హెచ్చరించేది. వద్దని మాత్రం అనేది కాదు. అలా అనకపోవడమే మంచిదైంది. పేగులోని వాహక ప్రోటీన్లు మోసుకెళ్లే కొన్ని యాంటీబయాటిక్‌లకూ విటమిన్లకూ ఈ లెక్క వర్తించదని 1997 నాటి వ్యాసంలోనే రాశారు. 2016లో అమెరికాలో అనుమతి పొందిన రక్త క్యాన్సర్ మందు వెనెటోక్లాక్స్ అణుభారం 868. అయినా అది మాత్రే. కాకపోతే భోజనంతో పాటు వేసుకోమంటారు, ఆహారం ఉంటేనే అది ఒంటికి బాగా పడుతుంది.