దామోదర తీరపు నేలబొగ్గు

వంగదేశమున దామోదర నదీతీరాన నేలబొగ్గు కలదని 1774 నాటికే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులైన సమ్నర్, హీట్లీలు ఎరుగుదురు. రాణీగంజ్ ప్రాంతమున త్రవ్వుటకు వారు అనుమతి కూడ పొందినారు. కాని ఆ బొగ్గు నాసిరకమన్న మాట వచ్చి, ప్రయత్నము సాగలేదు.

సరకు పంపుటకు నదియే దారి. ఎండకాలమున దామోదరము ఇసుకమేట. త్రవ్విన బొగ్గును ఒడ్డున కుప్పపోసి, వరద వచ్చినప్పుడు పడవల కెత్తి కలకత్తాకు పంపెడివారు. 1836లో రాణీగంజ్ గనిని కార్, టాగూర్ కంపెనీ కొన్నది. అందు భాగస్వామి ద్వారకానాథ టాగూరు, రవీంద్రుని తాతగారు. జొరాసంకో భవనమును తలచెడి మన సాహిత్యప్రియులు ఈ గనిని తలచుట అరుదు! 1855లో హౌరా నుండి రాణీగంజ్‌కు రైలు వచ్చినది. అటుపై బొగ్గు వరదకై కాచుకొని యుండవలసిన పని లేకపోయినది.

కాని త్రవ్వెడివా రెవరు? కంపెనీలు బొగ్గుతో తృప్తిపడక, పైనున్న నేలపై జమీందారీ హక్కులను కూడ సంపాదించినవి. సంతాలులు, బౌరీలు చిన్న చెక్క దున్నుకొనవలెనన్న గనిలోనికి దిగవలెను. దిగుట మానిన పొలము పోవును. దీనిని కూలి యనుటకు నాకు నోరు రాదు. పురుషుడు బొగ్గు కొట్టగా స్త్రీ తట్ట మోసెడిది. స్త్రీలు భూగర్భమున పనిచేయరాదని 1929లో నిబంధనలు వచ్చి, క్రమముగా అమలు జరిగినవి. యుద్ధమునకు బొగ్గు చాలక 1943లో ప్రభుత్వమే ఆ నిషేధమును తొలగించి, 1946లో మరల విధించినది.

పడమట నున్న ఝరియాలో ఉక్కు కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు కలదు. యజమానులు మేలైన పొరలను త్వరత్వరగా తీసికొని, ఖాళీలను ఇసుకతో నింపు ఖర్చుకు వెనుదీసినారు. కప్పు కూలి, పగుళ్లలో గాలి చొరబడి, మిగిలిన బొగ్గు తనంత తానే వేడెక్కి రగులుకొన్నది. 1916 నుండి ఆ నిప్పు కలదు. నేటికిని పూర్తిగా ఆరలేదు. కోకింగ్ బొగ్గు గనులను 1972లోను, తక్కిన వానిని 1973లోను ప్రభుత్వము జాతీయము చేసినది. హక్కుతో పాటు ఆ మంటయు ప్రభుత్వమునకు సంక్రమించినది.

ఆ నేలపై నివసించు కుటుంబాలను తరలించుటకు 2009లో ప్రణాళిక ఆమోదము పొందినది. బేల్‌గరియాలో ఇండ్లు కట్టినారు. కొందరు వెళ్లినారు. తక్కినవారు, పని ఉన్నది ఇక్కడనే గదా యని, వెచ్చని నేలను విడువక యున్నారు.