గండిపేట ఆంక్షలు - లాభం ఎవరికి?

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్న సంగతి పెద్దలందరికీ తెలిసినదే. అటువంటి ఉపద్రవం మళ్లీ రాకుండా ఎగువన జలాశయాలు కట్టాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సూచించారు. ఆ ప్రకారం మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద అదుపులోకి వచ్చింది, నగరానికి మంచినీరూ దక్కింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచి వెళ్లలేడని అనేవారు.

నగరం పెరిగేకొద్దీ ఆ నీటికి కాలుష్యం బెడద పట్టుకుంది. 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో జారీ చేసింది. జలాశయాల నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఆ పరిధిలోని భూమి సుమారు 1,32,000 ఎకరాలు. శంషాబాదు మండలంలో ఆముదపు నూనె పరిశ్రమ ఒకటి మినహాయింపు కోరగా, 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ఇక లాభనష్టాల లెక్క చూద్దాం. లాభం నగరవాసులది. వారు త్రాగేది శుభ్రమైన నీరు. భారం ఆ 84 గ్రామాల రైతులది. సేద్యానికి అడ్డు లేదు కాని, హద్దుకు అవతల భూమి ప్లాట్ల ధర పలుకుతుంటే ఇవతల అదే నేల చేను ధరకే మిగిలింది. పిల్ల పెళ్లికో, వైద్యానికో అమ్ముకున్న రైతు ఆ ధరకే అమ్ముకున్నాడు. ఏళ్ల తరబడి వేచి ఉండగల స్తోమత గలవారు కొన్నారు.

2022 ఏప్రిల్ 12న 69వ నంబరు జీవో కొన్ని షరతులతో ఆ ఆంక్షలను ఎత్తివేసింది. మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు వస్తున్నందున నగరం ఈ చెరువులపై ఆధారపడటం లేదన్నది అందుకు చెప్పిన కారణం. భూమిని నిలుపుకున్న రైతుకు ఇది ఊరటే. ముందే అమ్ముకున్నవానికి మాత్రం ఆంక్ష ఉన్నప్పుడూ నష్టమే, పోయినప్పుడూ ఒరిగిందేమీ లేదు.

బ్రిటన్‌లో 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం ఈ చిక్కును ముందే గుర్తించింది. నష్టపోయిన భూస్వాములకు 30 కోట్ల పౌన్ల నిధి కేటాయించి, అనుమతి వల్ల పెరిగే విలువను రుసుముగా ప్రభుత్వమే తీసుకోదలచింది. ఆ రుసుము 1953లో రద్దయింది.

చెరువును కాపాడటానికి హద్దు గీయడం తప్పు కాదు, అది అవసరం కూడా. అయితే హద్దు లోపలివారి నష్టంలో బయట లాభపడినవారూ పాలు పంచుకోవాలి. లేకపోతే గీత గీసినా, చెరిపినా లాభం వేచి ఉండగలిగినవానికే.