పాత సైకిలు సామానులో మన ఊరు

"పాత ఇనుప సామాను కొంటాం" అని వీధిలో కేక వినబడగానే మనలో చాలామందిమి ఏం చేస్తాం? పెరట్లో తుప్పుపట్టి పడివున్నదేదో గుర్తుకొస్తుంది. "ఇదిగో అబ్బాయ్, ఆగు" అంటాం. అలా కాటాకెక్కి వెళ్ళిపోయిన సైకిళ్ళు మన సికింద్రాబాదులో ఎన్నో లెక్కలేదు. మా యింట్లోదీ వెళ్ళవలసిందే. మా తమ్ముడు అడ్డుపడ్డాడు గనుక ఆగింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

పాత సైకిలు భాగాలు ఏరుకొచ్చి, తుడిచి, బాగుచేసి దాచుకోవడం కూడా ఒక సరదాయేనా అని మీరు నవ్వవచ్చు. మొదట్లో నేనూ నవ్వాను. అమెరికాలో 1963లో ష్విన్ కంపెనీవాళ్ళు స్టింగ్ రే అని ఇరవై అంగుళాల చక్రాల పొట్టి సైకిలొకటి తెచ్చారు. 1970 ప్రాంతాల్లో కాలిఫోర్నియా పిల్లలు మోటారు సైకిళ్ళ పందేలను చూసి, అలాంటి పొట్టి సైకిళ్ళమీద మట్టిదిబ్బలెక్కి దూకడం మొదలుపెట్టారు. అదే బి.ఎం.ఎక్స్. అయింది. 1982లో వచ్చిన 'ఇ.టి.' సినిమాలో పిల్లలు తొక్కింది జపానువారి కువహారా సైకిళ్ళు. 2008లో బీజింగ్ ఒలింపిక్సులో ఈ ఆట చేరిపోయింది. ఆనాటి పిల్లలు ఈనాడు మనుమలనెత్తే వయసుకు వచ్చి, తాము తొక్కిన సైకిలు హ్యాండిలో, చక్రమో, ముందు తగిలించే నెంబరు పలకో దొరుకుతుందేమోనని వెదుక్కుంటున్నారట. పాపం, వాళ్ళ అమ్మలు కూడా మనలాగే పాత సామానువాడికి ఇచ్చేసి వుంటారు!

మన ఊళ్ళో వెదకవలసింది ఆ ఇరవై అంగుళాలది కాదు, ఇరవై ఎనిమిది అంగుళాల నల్ల సైకిలు. 1806లో సికందర్ జా పేరున వెలసిన ఊరు మనది. ముందు దండు, తరవాత బజారు, 1874లో రైలు, ఆ తరవాత లాలాగూడ వర్క్‌షాపు. 1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాక సైకిలు మనుషులు హాయిగా ఎక్కే బండి అయింది. ఇంగ్లాండులో తయారైన సైకిళ్ళు దొరలతో పాటు ఇక్కడికీ వచ్చాయి. దొర తొక్కింది గుమాస్తా చేతికి, గుమాస్తా తొక్కింది పాలవాడి చేతికి దిగేవి.

ఏ సైకిలు ఏ కంపెనీదో చెప్పడానికి రంగు పనికిరాదు. పేరు బిళ్ళ కూడా చాలాసార్లు పనికిరాదు. పెడళ్ళ దగ్గర వుండే పళ్ళచక్రం చూడాలి. మెకానిక్కులు చైన్‌వీల్ అంటారు. రాలీ అయితే అందులో కొంగ తలలు కోసి వుంటాయి. కంపెనీ యజమాని బౌడెన్‌గారి వంశచిహ్నం ఆ కొంగ. రడ్జ్ అయితే అరచెయ్యి. హంబర్ అయితే వరసగా ఐదుగురు మనుషులు. బి.ఎస్.ఎ. వాళ్ళది మూడక్షరాలే. బి.ఎస్.ఎ. అంటే మొదట తుపాకుల కంపెనీ, అందుకే వాళ్ళ గుర్తులో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి వుంటాయి. చదువురాని మనిషి కూడా పోల్చుకోగల గుర్తులివి. మన చీరల అంచులు చూసి ఇది గద్వాల, ఇది వెంకటగిరి అని చెప్పమూ, అలాంటిదే.

మెరుపు కూడా ఒక సాక్ష్యమే. కొంచెం పసుపు వన్నె తిరిగిన తెలుపయితే నికెలు పూత, అంటే 1930కి ముందుదని అనుకోవచ్చు. నీలిజాడ వున్న తెలుపు క్రోమియం. హ్యాండిలుతో సహా అంతా నల్లరంగే అయితే రెండవ ప్రపంచ యుద్ధంనాటిదేమోనని చూడాలి. ఆ రోజుల్లో ఇంగ్లాండులో నికెలు, క్రోమియం యుద్ధం పనులకే పోయేవి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ కథ మారింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1952లో అసన్‌సోల్‌లో సేన్-రాలీ, 1956లో లూధియానాలో హీరో. విదేశీ సామాను దొరకడం కష్టమైపోయింది. దాంతో ఇంగ్లాండు బండికి మద్రాసు రిమ్ము, లూధియానా పెడలు తగిలించుకుని జనం కాలక్షేపం చేశారు. అన్నట్టు, ఆ అట్లాస్ వాళ్ళ సాహిబాబాదు కర్మాగారం 2020లో జూన్ 3న మూతపడింది. ఆనాడు ప్రపంచ సైకిలు దినమట!

ఇక దీపాల సంగతి. దీపం లేకుండా చీకటిలో తొక్కితే పోలీసు పట్టుకునే రోజులవి. మొదట నూనె దీపం, తరవాత కార్బైడ్ దీపం. కింది గిన్నెలో కార్బైడ్ గడ్డలు, పై గిన్నెలోంచి నీటి చుక్కలు పడితే గాలి పుట్టి తెల్లగా మండేది. మామిడికాయలు ముగ్గవేయడానికి వాడి, చివరికి నిషేధించారే, ఆ కార్బైడే. తరవాత డైనమోలొచ్చాయి. సైకిలు పన్ను కట్టినందుకిచ్చే బిళ్ళలు కూడా దొరికితే పారేయకండి. 1945లో మన ఊరిని నిజాముకు తిరిగి అప్పగించారు, 1950లో సికింద్రాబాదుకు వేరే కార్పొరేషను వచ్చింది, 1960లో అది హైదరాబాదుతో కలిసింది, కంటోన్మెంటు మాత్రం విడిగానే వుంది. బిళ్ళమీద ఏ సంస్థ పేరుందో చూస్తే కాలం కొంత పట్టుబడుతుంది.

తుడవడం మాత్రం మన చేతి పనే. తుప్పుపట్టిన నట్లు కిరసనాయిలులో రెండు రోజులు నానవేస్తే కదులుతాయి. చిన్న ఇనుప ముక్కలకు చిక్కటి చింతపండు పులుసు చాలు, వెంటనే కడిగి ఆరబెట్టి నూనె రాయాలి. ఇత్తడికీ చింతపండే. కాని ఇటుకపొడి వద్దమ్మా, వద్దు! ఏటా ఆయుధపూజకు మా యింటి సైకిలు పేరు బిళ్ళను ఇటుకపొడితో తోమి తోమి అక్షరాలు కనబడకుండా చేసింది మా అమ్మా, నేనూ. ఎంత తోమితే అంత భక్తి అనుకున్నాం.

ఇప్పుడు మా సైకిలు కథ. 1947లో బొల్లారం నుంచి వెళ్ళిపోతూ ఒక దొర, "నీ పనితనానికి బహుమానం" అని నాన్నగారికి ఇచ్చిన రాలీ సైకిలు ఇదని మేం పుట్టినప్పటినుంచీ విన్నాం. నాన్నగారు పోయాక అది పెరట్లో చేరింది. మా తమ్ముడు రిటైరయ్యాక దాన్ని విప్పాడు. పెడళ్ళ ఇరుసు గిన్నె, వాళ్ళ భాషలో కటోరీ, అరిగిపోయింది. రాణీగంజ్‌లో కొత్తది తెస్తే పట్టలేదు. రాలీవాళ్ళ గిన్నెకు అంగుళానికి 26 మరలు, తక్కినవాళ్ళకు 24. "చూశావా అక్కా, రాలీయే!" అని సంబరపడ్డాడు. తీరా పళ్ళచక్రంమీద మూడు పొరల రంగు గీకితే కొంగ రాలేదు, అరచెయ్యి వచ్చింది. రడ్జ్ అన్నమాట. 1943లో రాలీవాళ్ళు రడ్జ్‌ను కొనేశారు గనుక మరలు కలిశాయి. సరే, అక్కడికీ దొర కథ నిలబడింది.

వెనక చక్రం హబ్బు దగ్గర పడిపోయింది. అది మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్. వాటిమీద తయారైన సంవత్సరం, నెల కొట్టి వుంటాయి. జిడ్డు తుడిచి భూతద్దం పెడితే 52, 8. 1947లో వెళ్ళిపోయిన దొర 1952 ఆగస్టులో తయారైన హబ్బు ఎలా ఇస్తాడు? "తరవాత మార్పించి వుంటారులే" అన్నాడు తమ్ముడు. గేర్ల హబ్బు కొని వేయించే స్తోమత వర్క్‌షాపు జీతానికెక్కడిదని నేను.

వరండాలో కూర్చుని వింటున్న అమ్మ అప్పుడు నోరు విప్పింది. "దొరా లేదు, దోసకాయా లేదు. మా పెళ్ళయిన మరుసటేడు జేమ్స్ స్ట్రీటు కొట్లో సెకండు హ్యాండుది కొన్నారు. నా గాజులు రెండూ దానికే పోయాయి. మారేడుపల్లి నుంచి లాలాగూడకు రోజూ నడవలేకపోతున్నారని నేనే తీసిచ్చాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"పిల్లలకు దొర కథ చెబుతుంటే ముచ్చటగా వుండేది. నేనెందుకు కాదంటాను?" అంది.

మీతో నిజం చెప్పాలంటే నాన్నగారిమీద నాకు కోపమే వచ్చింది. దొర పేరు యాభై ఏళ్ళు చెప్పుకున్నారు, గాజుల పేరు ఒక్కసారీ ఎత్తలేదు. తమ్ముడు నాన్నగారి పక్షమే. అప్పుచేసి కొన్నానని, భార్య నగ అమ్మానని ఏ మగవాడు పిల్లలకు చెప్పుకుంటాడని వాడి వాదన. మేమిద్దరం రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు.

రంగు విషయంలోనూ పేచీ వచ్చింది. అంతా గీకేసి కొత్త నలుపు, కొత్త క్రోమియం వేయిద్దామన్నాడు వాడు. ఒక్కసారి గీకితే పాత బంగారు గీతలు మళ్ళీ రావు, పైపూత ఎవరైనా ఎప్పుడైనా వేయవచ్చు అన్నాను నేను. చివరికి నూనెగుడ్డతో తుడిచి వదిలేశాం. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40, అన్నీ నిలిచాయి. నాన్నగారు ఎప్పుడో వేయించిన లూధియానా పెడళ్ళు కూడా అలాగే వుంచాం. టైర్లకు ఏ ఇబ్బందీ లేదు. 28 అంగుళాల నల్ల సైకిలు మనదేశంలో ఇంకా తయారవుతూనే వుంది గనుక ఏ సైకిలు షాపులో అడిగినా ఇస్తారు.

గేరు మార్చే చిన్న మీట ఒక్కటే దొరకలేదు. హ్యాండిలుకు కుడిపక్క వుంటుంది, బొటనవేలంత వుంటుంది. దానికోసం వాడు గురువారాలు జుమ్మేరాత్ బజారుకు, ఆదివారాలు ఎర్రగడ్డ సంతకు తిరుగుతున్నాడు. మీ అటకమీద ఏ పాత డబ్బాలోనైనా అలాంటిది వుందేమో చూడండి. సామానువాడికి వేసేముందు దానిమీద ఏం రాసివుందో ఒకసారి తుడిచి చదవండి. ఇటుకపొడితో మాత్రం కాదు.