బలమును కోరిన హైబ్రిడ్

పెట్రోలు ఇంజనునకు విద్యుత్తు మోటారును తోడు చేసిన కారును హైబ్రిడ్ అని పిలుచుచున్నాము. ఆ పేరు వినగానే మనకు స్ఫురించునది పొదుపు. కాని ఆ మోటారును పొదుపుకంటె ముందుగా బలమునకై వినియోగింపవలెనని ఒక జపాను సంస్థ ఒకప్పుడు తలపెట్టినది. మూడేండ్లలో ముగిసిన ఆ ప్రయత్నమును గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

రెండు శక్తులను ఒక బండికి కట్టుట క్రొత్త ఊహ కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షే అట్టి వాహనమును నిర్మించెను. అయినను ఈ తరము హైబ్రిడ్‌లకు ఆద్యము 1997 డిసెంబరులో జపానులో వెలువడిన టయోటా ప్రియస్. రెండేండ్లకు హోండా సంస్థ ఇన్‌సైట్ అను రెండు సీట్ల చిన్నకారును అమెరికాలో అమ్మకమునకు పెట్టెను. ఈ రెండును లీటరు పెట్రోలుకు ఎంతదూరము నడచునన్న లెక్కతోనే పేరు పొందినవి.

2004 డిసెంబరులో హోండావారు అమెరికాలో అకార్డ్ హైబ్రిడ్‌ను విడుదల చేసిరి. అకార్డ్ మధ్యతరహా కుటుంబములు వాడుకొను సెడాన్ కారు. దాని ఆరు సిలిండర్ల, 3 లీటర్ల ఇంజను ఒక్కటియే 240 అశ్వశక్తి గలది. దానికి సుమారు 16 అశ్వశక్తి గల పలుచని మోటారును జోడించిరి. మొత్తము 255. ఆనాటి అకార్డులలో దీనికి మించిన బలము గలది లేదు. మోటారు తానొక్కటియే బండిని కదలింపజాలదు. ఇంజనునకు చేయూత నిచ్చుటయే దాని పని. బ్రేకు వేసినపుడు మాత్రము అదియే విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపును.

రేడియో శ్రోతలకు నచ్చు విశేషము మరియొకటి కలదు. సమతలపు బాటపై నిలకడగా పోవునపుడు ఆరింటిలో మూడు సిలిండర్లు విశ్రమించును. అప్పుడు పుట్టు గురగుర ధ్వనిని కారులోని మైక్రోఫోనులు పట్టును. దానికి సరిగా వ్యతిరేకమైన ధ్వని తరంగములు కారు లౌడుస్పీకర్లనుండియే వెలువడును. ఒకదాని శిఖరమునకు వేరొకదాని లోయ ఎదురగుటచే రెండును అణగిపోవును. పాటలు కట్టివేసి యున్నను ఈ పని ఆగదు. లౌడుస్పీకరు నిశ్శబ్దమును ప్రసారము చేయుట ఎంత చిత్రము!

ఇంత నేర్పుతో చేసిన బండి ఏల నిలువలేదు? ఆరు సిలిండర్ల సాదా అకార్డుకంటె దీని ధర సుమారు 3,000 డాలర్లు ఎక్కువ. బరువు తగ్గించుటకు మొదటి ఏడు స్టెప్నీ చక్రమును సైతము తీసివేసిరి. మరుసటి ఏడు దానిని తిరిగి చేర్చి, పైకప్పు కిటికీని కూడ అమర్చగా, ప్రభుత్వ లెక్కలో పెద్దరోడ్డుపై గాలనుకు 37 మైళ్లుగా నున్నది 34కు దిగెను. 2005లో కత్రినా తుఫాను తరువాత అక్కడ గాలను పెట్రోలు 3 డాలర్లు దాటినది. ప్రజలు పొదుపును వెదకుచున్న ఆ వేళ, 2006లో టయోటా కామ్రీ హైబ్రిడ్ వచ్చినది. నాలుగే సిలిండర్లు, 187 అశ్వశక్తి, ధర తక్కువ, పొదుపు ఎక్కువ.

ఇంకొక సంగతి. హైబ్రిడ్ కొన్నవారిలో పలువురు, అది హైబ్రిడ్ అని నలుగురికి తెలియవలెనని కూడ కోరిరి. ప్రియస్ ఆకారము వీధి చివరనుండియే గుర్తు పట్టవచ్చును. అకార్డ్‌నో, వెనుకనున్న చిన్న అక్షరములు చదివిన గాని పోల్చుకొనలేము. యంత్రములో లోపము లేదనియు, పేరు విని వచ్చినవాడు ఆశించినది వేరు, దొరకినది వేరు అగుటయే చిక్కనియు మా అభిప్రాయము.

2007 జూనులో హోండావారు దీని తయారీని విరమించుచున్నట్లు ప్రకటించిరి. చిన్నకార్లకు హైబ్రిడ్, పెద్దవానికి డీజిల్ అనుట అప్పటి వారి ఆలోచన. అమెరికాకై తలపెట్టిన ఆ డీజిల్ ఇంజను రోడ్డెక్కనే లేదు. 2013లో అకార్డ్ హైబ్రిడ్ మరల వచ్చినది. 2016లో మన దేశమున అమ్మకమునకు వచ్చినదియు ఆ రకమే. దానిలో రెండు మోటార్లు కలవు. ఇంజనునకు మాత్రము నాలుగే సిలిండర్లు.