సీసపు గుండు: ఇంటి పోతపని, అందులోని ప్రమాదం

వినరాని మాట విన్నప్పుడు చెవుల్లో సీసం పోసినట్లయిందనడం తెలుగువారి వాడుక. కరిగిన సీసం ఎంత దారుణమైనదో పూర్వులు ఎరుగుదురనడానికి ఈ నానుడే సాక్ష్యం. అమెరికా వంటి దేశాల్లో పిస్తోలు గురి అభ్యసించేవారు కొందరు ఈ లోహాన్నే ఇంటివద్ద కరిగించి, అచ్చుల్లో పోసి గుండ్లు తయారుచేసుకుంటారు. ఆ పోతపని స్వరూపం, దానివల్ల కలిగే హాని, మన దేశంలో దానికి వర్తించే చట్టం ఈ వ్యాసంలోని విషయాలు. తుపాకి ఎరుగని ఇళ్లలో సైతం వల గుళ్ల కోసమో, పాత బ్యాటరీల నుంచో సీసం కరిగించడం ఉన్నది కనుక ఈ సంగతులు అందరికీ అవసరమైనవే.

పేరు, లోహం

సీసానికి సంస్కృతంలో నాగమనే పేరు కూడా ఉన్నది. కన్నడంలో సీస, మరాఠీలో శిసే, ఒడియాలో సీసా అంటారు. తమిళంలో మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ ఈయం అనే మాట తగరానికీ, సీసానికీ కూడా వర్తిస్తుంది. విడమరచి చెప్పినప్పుడు తగరం వెళ్ళీయం, సీసం కారీయం. తమిళుల ఇళ్లలో చారు కాచే ఈయ చెంబు తగరంతో చేయవలసినది. అందులో సీసం కలిసినట్లయితే చింతపండు పులుపుకు అది కరిగి ఆహారంలో చేరుతుంది.

శాతవాహనులు సీసంతో నాణేలు ముద్రించారు. ఆంధ్రదేశంలో అవి విరివిగా లభించాయి. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావలసి ఉండగా, సీసానికి 327.5 డిగ్రీలు చాలు. కట్టెల పొయ్యి మీద సైతం కరుగుతుంది. ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాముల బరువు తూగుతుంది. సులువుగా కరగడం, చిన్న పరిమాణంలోనే ఎక్కువ బరువు ఉండడం అనే ఈ రెండు గుణాల వల్లనే అది తుపాకి గుండుకూ, వల గుండుకూ తగిన లోహమైంది.

పోతపని

తుపాకులు పుట్టిన నాటినుంచి సైనికులూ, వేటగాళ్లూ గుండ్లు స్వయంగా పోసుకునేవారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరవాసి విలియం వాట్స్ 1782లో వేరొక పద్ధతికి పేటెంటు పొందాడు. ఎత్తునుంచి జల్లెడ గుండా జారవిడిచిన కరిగిన సీసం దారిలోనే గుండ్రని బొట్లుగా మారి, కింద నీటిలో పడి గట్టిపడుతుంది.

అమెరికాలో నేటికీ ఇంటి పోత కొనసాగడానికి ముఖ్య కారణం ఖర్చు. గురి అభ్యాసంలో ఒక్క పూటకే వందకు పైగా తూటాలు కాల్చవలసి వస్తుంది. ఇత్తడి తొడుగును మళ్లీ వాడుకోవచ్చు. గుండు మాత్రం ప్రతిసారీ కొత్తది కావాలి. శుద్ధ సీసం మరీ మెత్తనిది. వేగంగా పోయేటప్పుడు గొట్టం లోపలి గాడులకు పూసుకుపోయి గురిని చెడగొడుతుంది. అందువల్ల గట్టిదనానికి ఆంటిమొనీ, అచ్చులోని మూలమూలకూ పారడానికి తగరం కలుపుతారు. లైమన్ నంబర్ 2 అనే ప్రసిద్ధ మిశ్రమంలో సీసం 90 పాళ్లు, తగరం 5, ఆంటిమొనీ 5. కారు చక్రాలకు బిగించే పాత సీసపు తూకాలు వారికి చాలాకాలం ముడిసరుకుగా ఉండేవి.

ప్రమాదాలు

మొదటిది నీరు. కరిగిన సీసం అడుగున ఒక్క నీటిబొట్టు చిక్కినా అది ఆవిరై సుమారు 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. పాత్రలోని లోహమంతా పైకి చిమ్ముతుంది. ముఖం, కళ్లు కాలిపోతాయి. తడిసిన సీసపు ముక్క, చెమట బొట్టు, వాన చినుకు కూడా ఇందుకు చాలును.

రెండవది కంటికి కనిపించని విషం. పోతపని జరిగే వేడిలో సీసపు ఆవిరి స్వల్పం. అసలు ప్రమాదం పైన తేలే చిట్టెంలోనూ, దాని బూడిదలోనూ ఉంటుంది. ఆ ధూళి చేతులకూ, బట్టలకూ అంటుకొని అన్నం కంచం వరకు వస్తుంది.

మూడవది బ్యాటరీ పలకలు. వాటిలో గంధకామ్లం, మెత్తని సీసపు పొడి, కొన్నిటిలో ఆర్సెనిక్ ఉంటాయి. అమెరికాలోని అనుభవజ్ఞులైన పోతగాళ్లు సైతం వాటిని ముట్టరాదని హెచ్చరిస్తారు.

మింగిన సీసంలో పెద్దల దేహం గ్రహించే దానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల దేహం గ్రహిస్తుందనీ, ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లల మెదడు ఎదుగుదల, చదువు, నడవడి దెబ్బతింటాయి. పెద్దలలో కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, రక్తపోటు కలుగవచ్చు. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ల తరబడి నిలిచి, గర్భకాలంలో బిడ్డకు చేరుతుంది. చాలాసార్లు పైకి ఏ లక్షణమూ కనిపించదు. నిర్ధారణకు రక్తపరీక్షే మార్గం.

చట్టం

1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు సామగ్రిని తయారుచేయరాదు. ఆ సామగ్రి భాగాలూ, తయారీ యంత్రాలూ కూడా చట్టంలోని నిర్వచనంలోకే వస్తాయి. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. కాబట్టి పరాయి దేశపు అలవాటును చూసి ఇక్కడ అనుకరించడం జైలుకు దారితీస్తుంది.

గురి విద్యపై ఆసక్తి గల పిల్లలకు సక్రమమైన బాట ఉన్నది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్తోలు పోటీల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు సాధించింది. పది మీటర్ల గాలి పిస్తోలుకు వాడేవి కర్మాగారంలో తయారైన 4.5 మిల్లీమీటర్ల గుళికలు. రాష్ట్ర రైఫిల్ సంఘాల గుర్తింపు గల క్లబ్బుల్లో శిక్షణ లభిస్తుంది. అవి కూడా సీసమే కనుక సాధన ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వల గుళ్లు పోసేవారు పాటించవలసినవి

కొలను, ఏరు, సముద్రం నమ్ముకున్నవారు వీలైతే సిద్ధంగా దొరికే గుళ్లు కొనడం, లేదా కాల్చిన మట్టి గుళ్లు వాడడం మేలు. పోయక తప్పనప్పుడు ఇంటికి దూరంగా, ఆరుబయట, గాలికి ఎదురుగా కాక గాలివాలు వెనుకగా నిలిచి, పొడి వాతావరణంలో పోయాలి. పిల్లలనూ, గర్భిణులనూ దరిచేరనీయరాదు. నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, బూట్లు ధరించాలి. ఆ చోట తినడం, బీడీ కాల్చడం, తాంబూలం వేయడం కూడదు. చిట్టెం పొడిని చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తుడవాలి. బట్టలు విడిగా ఉతకాలి. పాత బ్యాటరీని కరిగించక దుకాణదారుకు తిరిగి ఇవ్వాలి. దానిని వెనక్కు తీసుకునే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారులపై ఉంచాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పాత్ర విషయం. ఒక్కసారి సీసం కరిగించిన గిన్నెను ఎంత తోమినా మళ్లీ వంటకు వాడరాదు. పొరపాటున కూడా వంటింటికి చేరకుండా దానికి రంగు గుర్తు వేసి వేరుగా ఉంచాలి.